లోయర్, హయ్యర్, రామకోటి

"మా కోడలు డ్రాయింగ్ హయ్యర్ పాసైంది" అని అత్తగారు నలుగురిలో గొప్పగా చెప్పుకున్న రోజులు పాతబస్తీకి ఉన్నాయి. లోయర్, హయ్యర్ అంటే చాలు, వింటున్నవాళ్లకు సంగతి తెలిసిపోయేది. ప్రభుత్వ పరీక్షల విభాగం పెట్టే టెక్నికల్ పరీక్షలవి. డ్రాయింగు, కుట్టుపని, ఎంబ్రాయిడరీ, చేనేత అందులో ఉంటాయి. నేటి నిబంధనల ప్రకారం ఏడో తరగతి పాసైతే లోయర్ రాయొచ్చు. పదో తరగతీ లోయరూ చేతిలో ఉంటే హయ్యర్ రాయొచ్చు. వీటికి తోడు వేసవిలో 42 రోజుల టీచర్ ట్రైనింగ్. మే 1న మొదలై జూన్ 11తో ముగిసే ఈ కోర్సు సరిగ్గా రోళ్లు పగిలే ఎండల్లోనే పడుతుంది. ఆ సర్టిఫికెట్ చేతికొస్తే బడిలో డ్రాయింగ్ టీచర్ కొలువుకు దారి పడినట్టే.

ఆడపిల్లను కాలేజీకి పంపని ఇళ్లు కూడా ఈ పరీక్షకు అడ్డు చెప్పలేదు. ఇంట్లో కూర్చుని నేర్చుకోవచ్చు, పిల్లలు పడుకున్నాక సాధన చేసుకోవచ్చు. పైగా ముగ్గులూ అల్లికలూ ఎలాగూ ఆడవాళ్ల పనులే కదా అన్న లెక్క ఒకటి. ఆ లెక్క వెనుక ఉన్న చిన్నచూపు మాట ఎలా ఉన్నా, దాని చాటునే ఎందరో ఇల్లాళ్లు మొదటిసారి సొంత జీతం అందుకున్నారు.

మాదన్నపేట లాంటి బస్తీల్లో అలాంటి డ్రాయింగ్ టీచరమ్మలు ఒకరో ఇద్దరో ఉండేవారు. ఈ వ్యాసంలో ఆమెకు పేరు లేదు. ఇది ఏ ఒక్కరి కథో కాకపోవడమే కారణం. 1930ల్లో, 40ల్లో పుట్టి, 60ల్లో బడి రిజిస్టర్‌లో సంతకం పెట్టి, 90ల నాటికి అమ్మమ్మలు, నానమ్మలైన తరం అది. పెళ్లి పీటల నుంచి ఇంటర్ పిల్లల రికార్డు పుస్తకాల దాకా, గల్లీలో గీత అవసరమైన పని ఏదైనా ముందు ఆమె గుమ్మమే ఎక్కేది.

సైదాబాద్, యాకుత్‌పురా, చంచల్‌గూడల నడుమ ఇరుకుగా సర్దుకుని కూర్చున్న పేట ఇది. బయటివాళ్లకు ఇక్కడి కూరగాయల మండి తెలుసు. పొద్దున్నే మండి సందడి, పక్క సందులో అజాన్, ఆ పక్కన కుర్మగూడ గుడి గంట, అన్నీ ఒకదాని మీద ఒకటి వినిపించే చోటు. గోల్కొండ చివరి సుల్తాన్ అబుల్ హసన్ తానాషా దగ్గర ప్రధానిగా వెలిగిన మాదన్న పేరు మీదే ఇది వెలసిందని చెప్పుకుంటారు. హనుమకొండ వైపు నుంచి వచ్చిన అక్కన్న మాదన్నలు 1686లో గోల్కొండలో హత్యకు గురయ్యారు. మరుసటి ఏడే కోట ఔరంగజేబు వశమైంది. అన్నదమ్ముల పేరుతో శాలిబండలో మహంకాళి గుడి ఉంది. బోనాల మర్నాడు ఆ గుడి ఘటం ఏనుగు మీద ఊరేగుతుంది.

ఆ మాదన్నకు మేనల్లుడు కంచెర్ల గోపన్న. పాల్వంచ తహసీల్దారుగా ఉంటూ భద్రాచలంలో గుడి కట్టించి, ఖజానా సొమ్ము వాడినందుకు పన్నెండేళ్లు గోల్కొండ చెరలో మగ్గాడని చెప్పే రామదాసు ఆయనే. కోట చూడటానికి వెళ్లినవాళ్లు ఆ చెరసాల గోడను తప్పక చూస్తారు. రాముడు, సీత, లక్ష్మణుడు, హనుమంతుడు రాతిలో కనిపిస్తారు. రామదాసు తన చేత్తోనే చెక్కుకున్నాడని నమ్మకం. శిల్పశాస్త్రం లెక్కన అవి గొప్ప బొమ్మలు కావు. ఎదురుగా దేవుడు లేనప్పుడు గోడ మీద తెచ్చుకోవడం కోసం గీసిన బొమ్మలవి. కీర్తనకారుడిగా అందరికీ తెలిసిన మనిషిలో ఈ రెండో పనితనాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. మేనమామ పేరు మోస్తున్న పేటలో మూడువందల ఏళ్ల తర్వాత టీచరమ్మలు చేసిన పని కూడా దాదాపు అదే. గీయడం వేరు, కొలవడం వేరు అని వాళ్లు అనుకోలేదు.

వాళ్లు బడికి ఎలా చేరారన్నది చిన్న విషయమేమీ కాదు. నిజాం రాజ్యంలో చదువు ఉర్దూలో సాగేది. తెలుగులో చదువుకోవాలనుకునే ఆడపిల్లల కోసం మాడపాటి హనుమంతరావు 1928లో నారాయణగూడలో ఆంధ్ర బాలికోన్నత పాఠశాల పెట్టారు. ఉస్మానియా గుర్తింపు దొరక్కపోవడంతో పూనాలోని కార్వే మహిళా విశ్వవిద్యాలయం పరీక్షలకు పిల్లల్ని పంపాల్సి వచ్చింది. మూసీకి ఇవతల పాతబస్తీ గల్లీల నుంచి అంత దూరం వెళ్లి చదివినవారు తక్కువ. చాలామంది నాలుగు అక్షరాలు ఇంట్లోనో, ఏ అయ్యవారి దగ్గరో నేర్చుకుని, పెళ్లయ్యాక మిగతాది పూర్తి చేసుకున్నారు. 'లోయర్' వాళ్లకు అందొచ్చిన మొదటి మెట్టు.

బడిలో డ్రాయింగ్ పీరియడ్ అంటే మిగతా టీచర్లకు అలుసు. లెక్కల సిలబస్ వెనకబడితే లాక్కునేది ఆ పీరియడ్‌నే. ఇన్‌స్పెక్షన్ వస్తుందని తెలిసిన మరుక్షణం మాత్రం అందరికీ టీచరమ్మే గుర్తొచ్చేది. సైన్సు మాస్టారుకు గుండె చార్టు కావాలి, సోషల్ టీచర్‌కు నదుల పటం కావాలి, హెడ్‌మిస్ట్రెస్‌కు గది బయట నేతల బొమ్మలు కావాలి. ఆగస్టు 15కు మైదానంలో రంగులతో అశోకచక్రం వేయాలంటే ఇరవై నాలుగు ఆకులనూ సమానంగా విభజించేందుకు కాంపస్ సరిపోదు. మధ్యలో మేకు కొట్టి, దానికి తాడు కట్టి, తాడు కొసకు సుద్దముక్క బిగించి తిప్పాలి. జామెట్రీ పేపర్‌లో నేర్చుకున్నది ఇలా మట్టి మీద వాడటం ఆమెకు వెన్నతో పెట్టిన విద్య.

పాఠం చెప్పే పద్ధతి కూడా పరీక్ష నుంచే వచ్చింది. స్టూలు మీద కుండ పెట్టి, పక్కన పుస్తకం పెట్టి, "గీయండి" అనేవారు. చేయి పూర్తిగా చాచాలి. ఒక కన్ను మూయాలి. పెన్సిల్ మీద బొటనవేలు జరుపుతూ కుండ ఎత్తు ఎంత, వెడల్పు ఎంత అని కొలవాలి. మొదటిరోజు పిల్లలంతా కుండ మూతిని గుండ్రంగా గీసేవారు. మూతి గుండ్రమే కదా మరి! "నీకు తెలిసింది గీస్తున్నవ్, కనిపించింది గీయి" అని టీచరమ్మ మళ్లీ కూర్చోబెట్టేది. కూర్చున్న చోటు నుంచి చూస్తే అది కోడిగుడ్డులా సాగి కనిపిస్తుందని పిల్లలకు తెలిసే సరికి వారం పట్టేది. ఫ్రీహ్యాండ్‌లో రబ్బరు ముట్టుకోవడం నేరం. సగం ఆకు గీసి, మిగతా సగాన్ని అద్దంలో ప్రతిబింబంలా రెండో వైపు దించాలి. డిజైన్ పేపర్‌కు చదరంలో పువ్వు నింపాలి. ఒక మూల బాగా వచ్చి రెండో మూల వంకరపోతే మొత్తం పోయినట్టే.

చందమామ, యువ సంచికలు ఇంట్లో చించకుండా దాచుకోవడానికి ఒక కారణం కథలైతే, రెండోది బొమ్మలు. 1947 జులైలో మొదలైన చందమామలో చిత్రా, శంకర్‌ల గీతలు, పత్రికల ముఖచిత్రాల మీద వడ్డాది పాపయ్య రంగులు ఈ టీచరమ్మలకు ఇంటి దగ్గరి ఆర్ట్ గ్యాలరీ. బొమ్మ మీద అంగుళం గళ్లు కొట్టి, డ్రాయింగ్ షీట్ మీద రెండంగుళాల గళ్లు కొట్టి, ఒక్కో గడిలో ఏముందో చూసుకుంటూ పెద్దది చేసేవారు. కాపీ కొట్టడం చిన్నతనం కదా అని ఇప్పటివాళ్లు ముఖం చిట్లించవచ్చు. శాంతినికేతన్ దాకా వెళ్లలేని మనిషికి నందలాల్ బోస్ శిష్యుల గీత చేతికి ఎలా ఎక్కుతుంది మరి? అచ్చులో వచ్చిందాన్ని చేత్తో దించి చూడటమే ఆమెకు దొరికిన గురుకులం.

పెళ్లిళ్ల సీజన్‌లో బడి జీతానికి మించిన పని ఉండేది, దానికి డబ్బు మాత్రం ఉండేది కాదు. తెలంగాణ పెళ్లిలో ఐరేని కుండలు కావాలి. కుమ్మరి ఇంటి నుంచి మేళతాళాలతో తెచ్చుకునే ఆ కుండల మీద సున్నం, జాజు, పసుపు రంగులతో గీతలుంటాయి. కుమ్మరివాళ్ల చేతి గీతకు ఒక తీరు ఉంటుంది. దాని మీద ఏనుగులు, చిలుకలు, వధూవరుల పేర్లు కావాలని ఎవరికైనా ముచ్చటేస్తే టీచరమ్మ దగ్గరికే రావాలి. అడ్డుతెర మీద స్వస్తికో, లక్ష్మీనారాయణులో కావాలి. పందిరి ముందు థర్మోకోల్ అక్షరాల మీద చమ్కీ చల్లాలి. పేరు తప్పు రాకూడదు, అక్షరాల మధ్య ఎడం సరిపోవాలి, 'శ్రీ'కి తోక అందంగా తిరగాలి. బదులుగా అందేది ఓ జాకెట్ గుడ్డ, తాంబూలం, నాలుగు లడ్డూలు. లెక్కవేసి చూస్తే ఇది శ్రమదోపిడీయే. ఆమె మటుకు ఆ మాట ఎప్పుడూ అనలేదు, కానీ కొడుకులు అనేవారు.

ఎంబ్రాయిడరీ పనిలో టీచరమ్మకూ ముస్లిం ఇళ్లకూ మధ్య ఒక దారి ఉండేది. యాకుత్‌పురా, చంచల్‌గూడ ఇళ్లలో కార్చోబ్ చట్రాలు పరచి జరీ పని చేసే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. డిజైన్‌ను పలుచటి ట్రేసింగ్ కాగితం మీద గీసి, గీత వెంట సూదితో వరుసగా రంధ్రాలు పొడుస్తారు. దీన్ని ఖాకా అంటారు. బట్ట మీద ఖాకా పరచి, కిరోసిన్‌లో కలిపిన రంగును గుడ్డపేలికతో రుద్దితే చుక్కచుక్కగా డిజైన్ బట్ట మీదకు దిగుతుంది. కిరోసిన్ ఆరిపోతుంది, గీత మిగులుతుంది. హయ్యర్ పరీక్షకు నేర్చుకున్న పద్ధతీ, కార్ఖానా ఉస్తాద్ వాడే పద్ధతీ ఒక్కటే కావడం వల్ల డిజైన్లు అటూ ఇటూ తిరిగేవి. దుపట్టా అంచుకు మామిడిపిందె గీయించుకోవడానికి వచ్చిన ఖాలాలు ఆమెను "ఉస్తానీమా" అని పిలిచేవారు. వరలక్ష్మీ వ్రతం పీటకు జరీ గుడ్డ ఆ ఇళ్ల నుంచే వచ్చేది. దగ్గర్లోని పిసల్‌బండలో పైగా నవాబుల సమాధులున్నాయి. అక్కడి గచ్చు పని, జాలీల్లోని నక్షత్రాల అల్లిక జామెట్రీ పేపర్‌కు ఏ పుస్తకమూ ఇవ్వలేని పాఠం. ఒక్కో జాలీ ఒక్కో తీరు.

పండుగలే అసలు స్కూలు. ధనుర్మాసం నెల రోజులూ వాకిట్లో ముగ్గు మారాలి, నిన్నటిది ఇవాళ వేస్తే పరువు తక్కువ. "పదిహేను చుక్కలు, సందు చుక్క, ఎనిమిది వరకు" అంటే తెలిసినవాళ్లకు ముగ్గు మొత్తం కళ్ల ముందు నిలుస్తుంది. మధ్య వరుసలో 15, దానికి పైనా కిందా 14, 13 అలా తగ్గుతూ 8 దాకా. మొత్తం 169 చుక్కలు. అదే ఇరవై ఒకటి నుంచి పదకొండు వరకైతే 331. ఎదురు చుక్కతో 15 నుంచి 1 వరకు, రెండేసి తగ్గిస్తూ పెడితే 113. టీచరమ్మ లెక్కలు రాని పిల్లలకు కూడికలు ఇలాగే నేర్పేది. ఒక చుక్క ఎక్కువైతే ముగ్గు మూసుకోదు, తప్పు ఎక్కడుందో పిల్లలే వెతుక్కోవాలి. ముగ్గుపిండి చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య నుంచి ఒకే లావున జారాలంటే ముందు గాలి ఎటు వీస్తోందో చూసుకుని కూర్చోవాలి. చీకట్లో ఐదింటికి వేసిన రథం ముగ్గు మీద ఏడింటికల్లా పాలవాడి సైకిల్ వెళ్లిపోయేది. ఎవరూ బాధపడేవారు కాదు.

శ్రావణంలో వరలక్ష్మికి ముఖం తయారుచేయడం మరో పని. వెండి ముఖాలు బజారులో దొరకని రోజుల్లో, కొబ్బరికాయకు పసుపు ముద్ద పట్టించి, దాన్నే ముక్కుగా, చెక్కిళ్లుగా తీర్చి, కాటుకతో కళ్లు దిద్దేవారు. కళ్లు దిద్దే ముందు టీచరమ్మ స్నానం చేసి వచ్చేది. చేతి వణుకు లేని వేళ చూసుకుని, ఊపిరి బిగబట్టి కనుపాప పెట్టేది. మిగతాదంతా ఇంటివాళ్లు చేసుకున్నా, కన్ను మాత్రం ఆమే పెట్టాలి. విగ్రహానికి చివర కళ్లు తెరిపించడం స్థపతుల సంప్రదాయం. మాదన్నపేట వంటింట్లో అది పసుపు, కాటుకలతో జరిగింది.

ఇక ఆషాఢం. గోల్కొండలో మొదలై, సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి మీదుగా లాల్‌దర్వాజాకూ పాతబస్తీకీ చేరే బోనాల్లో ఆమె చెయ్యి పడేది తొట్టెల మీద. వెదురు బద్దలతో చట్రం కట్టి, రంగు కాగితాలు అంచులు కత్తిరించి, ఒకదాని మీద ఒకటి అంతస్తులుగా అంటించి, అమ్మవారికి సమర్పించే ఆ కాగితపు కట్టడం గుడి దాకా డప్పుల మధ్య ఊగుతూ పోతుంది. మైదా పిండి ఉడికించి జిగురు చేయాలి, అందులో కాస్త మైలుతుత్తం వేయకపోతే పురుగులు పట్టేస్తాయి. బోనం కుండకు సున్నం పూసి, పసుపు కుంకుమ బొట్లు పెట్టి, వేపమండలు కట్టాలి. వాన ఎలాగూ వస్తుంది. రంగు కాగితం తడిస్తే రంగు కారిపోతుంది. అందుకే పైన పలుచని ప్లాస్టిక్ వేద్దామని ఎవరో అంటే, "అమ్మవారికి తడిస్తే ఏంది, తడవకుంటే ఏంది" అని కొట్టిపారేసేది.

బతుకమ్మకు గునుగు పూలు రంగుల్లో ముంచడం పిల్లల వంతు. గునుగు తెల్లగా ఉంటుంది కాబట్టి ఏ రంగైనా పడుతుంది. కట్ట కట్టి, వేడినీళ్లలో రంగు కలిపి ముంచి, గోడకు ఆనించి ఆరబెట్టేవారు. తంగేడు పసుపు పక్కన గులాబీ వరసా, దాని మీద నీలం వరసా పడాలా, ఆకుపచ్చ పడాలా అన్నది పెద్ద చర్చ. రంగుల చక్రం గురించి క్లాసులో చెప్పిందంతా ఇక్కడ పరీక్షకు వచ్చేది. ఎంగిలిపూల నాటి చిన్న బతుకమ్మ నుంచి సద్దుల నాటి నిలువెత్తు బతుకమ్మ దాకా తొమ్మిది రోజులు సాధన, చివరికి అంతా చెరువు పాలు.

ముగ్గు చెరిగిపోతుంది, తొట్టెల తడుస్తుంది, బతుకమ్మ మునుగుతుంది, పసుపు ముఖం మర్నాడు నీళ్లలో కలుస్తుంది. ఆ తరం కళను వెతుక్కుంటూ ఎవరైనా వస్తే మ్యూజియంలో చూపించడానికి ఏమీ లేకపోవడానికి కారణం ఇదే. హైదరాబాద్‌లో ప్రభుత్వ చిత్రకళా కళాశాల 1940లో మొదలైంది. సుకుమార్ దేవస్కర్ లాంటివారు దాన్ని నడిపారు. కొండపల్లి శేషగిరిరావు (1924–2012) శాంతినికేతన్‌లో నేర్చుకుని వచ్చి అక్కడ పాఠాలు చెప్పారు. సిద్దిపేటలో డ్రాయింగ్ మాస్టారుగా పనిచేసిన కాపు రాజయ్య (1925–2012) గొల్లభామల్నీ, బోనాల్నీ, బతుకమ్మల్నీ చెరియాల నకాషీ గీతతో కలిపి కాన్వాసు మీదకు తెచ్చారు. చరిత్రలో ఈ పేర్లన్నీ న్యాయంగానే నిలిచాయి. కాకపోతే రాజయ్య బొమ్మల్లో ఆడమనిషి నెత్తిన ఎత్తుకున్న బోనం కుండ మీద ఉన్నది ఎవరి గీత అని ఎవరూ అడగలేదు. అది ఇంటి పని కింద జమ పడింది.

నీళ్లలో కలవని పని ఒకటి మాత్రం ఉంది. రామకోటి. గళ్లు అచ్చువేసిన పుస్తకంలో ఒక్కో గడిలో 'శ్రీరామ' రాస్తూ పోవాలి. కోటి అంటే మాటలు కాదు. రోజుకు వెయ్యి చొప్పున రాసినా పదివేల రోజులు, అంటే ఇరవై ఏడేళ్లు దాటుతుంది. కొలువులో ఉండగా మొదలుపెట్టినవారు చాలామంది రిటైరయ్యాకే వేగం అందుకున్నారు. మనవలు స్కూలుకు, కోడళ్లు వంటింట్లోకి వెళ్లాక మిగిలిన పొద్దంతా రామకోటికే. డ్రాయింగ్ టీచరమ్మకు గళ్లు నింపుకుంటూ పోతే తోచదు. అందుకే 'శ్రీరామ' అన్న అక్షరాలనే చీమల బారుగా పేర్చి హనుమంతుడి బొమ్మ కట్టడం మొదలుపెట్టేది. తోక దగ్గర అక్షరాలు సన్నగా, ఛాతీ దగ్గర కాస్త దట్టంగా. దూరం నుంచి చూస్తే హనుమంతుడు, ముక్కు ఆనించి చూస్తే నామం. నీడ కావలసిన చోట నామాలు ఒత్తుగా రాస్తే చాలు, వేరే షేడింగ్ అక్కర్లేదు. హయ్యర్ పరీక్షలో నేర్చిన లైట్ అండ్ షేడ్ అలా భక్తిలో కలిసింది. ఇలాంటి అక్షరచిత్రాలు ఫ్రేము కట్టి ఇప్పటికీ ఎన్నో పూజగదుల్లో వేలాడుతున్నాయి. సంతకం మాత్రం ఉండదు. రాముడి పేరుతో నిండిన బొమ్మ కింద తన పేరు పెట్టుకోవడానికి వాళ్లకు మనసొప్పలేదు.

మనవలకు ఇదంతా ఆటే. అమ్మమ్మ ఒళ్లో కూర్చుని నామానికి చుక్క పెట్టే పని వాళ్లది. తప్పు రాస్తే కొట్టేయకూడదు, దాని మీద పువ్వు వేసి ముందుకు పోవాలి. ఈ ఒక్క నియమం వల్ల కొన్ని రామకోటి పుస్తకాల్లో నామాల కంటే పువ్వులు బాగుంటాయి.

మాదన్నపేట బతుకు పండుగల వరుస మాత్రమే కాదు. 1990 డిసెంబర్ మత అల్లర్ల రోజులు పాతబస్తీలో ఎవరూ మరిచిపోలేదు. 2012 ఏప్రిల్‌లో కుర్మగూడ గుడి దగ్గర రేగిన మత ఉద్రిక్తత తర్వాత మాదన్నపేట, సైదాబాద్ పోలీస్ స్టేషన్ల పరిధిలో కర్ఫ్యూ పెట్టారు. కర్ఫ్యూ అంటే పాలు దొరకవు, పిల్లలు బయటికి పోకూడదు, మండి మూత. ఆ రోజుల్లో పిల్లల్ని ఇంట్లో కట్టిపడేయడానికి ఉన్నవి రంగు పెన్సిళ్లే. ఒక్కో అల్లరి తర్వాత కొన్ని ఇళ్లకు టులెట్ బోర్డులు పడేవి. దిల్‌సుఖ్‌నగర్, చంపాపేట, వనస్థలిపురం కాలనీలు అలా కొంత నిండాయి. జనం తరలడానికి భయం ఒక్కటే కారణం కాదు. ఉద్యోగాలు అటు ఉన్నాయి, ఇంజినీరింగ్ కోచింగ్‌లు అటు ఉన్నాయి, వాకిలి ఉన్న ఇంటికంటే లిఫ్ట్ ఉన్న అపార్ట్‌మెంట్ పిల్లలకు నచ్చింది. వాకిలి పోయాక ముగ్గు గడప ముందరి రెండు పలకల మీదకు ముడుచుకుంది. తర్వాత స్టిక్కర్ వచ్చింది.

ఫ్లెక్సీ రాకతో ఇంకో దెబ్బ తగిలింది. 2000ల తర్వాత పెళ్లి పందిరి అక్షరాలు, గణేశ్ మండపం బోర్డు, బడి వార్షికోత్సవం బ్యానర్ గంటలో అచ్చయి వచ్చేస్తున్నాయి. ఇంటర్ రికార్డు పుస్తకాల్లో బొమ్మలు ముందే అచ్చువేసి అమ్ముతున్నారు. తొట్టెలలు బేగంబజార్‌లో రెడీమేడ్‌గా దొరుకుతాయి, మెరుపు కాగితంతో, వానకు తడవకుండా. ఐరేని కుండ మీద యాక్రిలిక్ రంగులు, అద్దం ముక్కలు. ఇవేవీ చెడ్డవి కావు. జిగురు ఉడికించే పనీ, అర్ధరాత్రి కూర్చుని చమ్కీ చల్లే పనీ తప్పిందని ఆడవాళ్లు సంతోషించారు కూడా. టీచరమ్మ గుమ్మం ఎక్కాల్సిన అవసరం పోయిందంతే. ఆ గుమ్మం దగ్గర నేర్చుకునేదీ దాంతోపాటే పోయింది.

బడిలో నేర్పడం గురించి చట్టం మాటకొస్తే, 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్‌లో ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో పిల్లలు వందమంది దాటితే కళావిద్యకు పార్ట్‌టైం ఇన్‌స్ట్రక్టర్ ఉండాలని రాసి ఉంది. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం పదో తరగతి దాకా కళావిద్య తప్పనిసరి అంది. కాగితం మీద మాటకు కొదవ లేదు. పార్ట్‌టైం అన్న ఆ ఒక్క మాటతో కుండను వారం రోజులు స్టూలు మీద పెట్టే టీచర్ మాత్రం దొరకదు.

లోయర్, హయ్యర్ పరీక్షలు ఇప్పటికీ జరుగుతున్నాయి. 42 రోజుల వేసవి కోర్సుకూ ఏటా ప్రకటన పడుతుంది. బడి కొలువు దొరకనివారిలో కొందరు మగ్గం వర్క్ బొటిక్‌లు తెరిచారు, కొందరు అపార్ట్‌మెంట్ కింద గదిలో పిల్లలకు డ్రాయింగ్ క్లాసులు చెబుతున్నారు, ఇంకొందరు ఫోను స్టాండుకు బిగించి యూట్యూబ్‌లో ముగ్గులు వేస్తున్నారు. ఆ వీడియోల పేర్లు చూస్తే '15 చుక్కలు 8 వరకు' అని పాత లెక్కే కనిపిస్తుంది. అది రాయడం మరిచిపోతే కింద కామెంట్లలో అడిగేస్తారు: "అక్కా, ఇది ఎదురు చుక్కా, సందు చుక్కా?"